డాక్సిస్ 4.0 పేరు చెప్పి షేరు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

కేబుల్ మోడెమ్‌కి కొత్త స్టాండర్డ్ వచ్చిందంటే ఇన్వెస్టర్లు రెండు జట్లుగా చీలిపోతారు. "దేశమంతా నెట్‌వర్క్ మార్చాలి, పరికరాలు అమ్మే కంపెనీకి పదేళ్ల పంట" అంటుంది ఒక జట్టు. "కేబుల్ పనైపోయింది, ఫైబరూ 5జీ వైర్‌లెస్సూ తినేస్తున్నాయి, ఈ పెట్టుబడే జరగదు" అంటుంది రెండోది. రెండు వాదనల్లోనూ సాధారణంగా లోపించేది ఒకటే: ఏ పెట్టె, ఎన్ని, ఎవరు, ఏ ఏడాది కొంటారు అన్న లెక్క. అమెరికా కేబుల్ నెట్‌వర్క్‌ల డాక్సిస్ 4.0ని, హార్మోనిక్ లాంటి పరికరాల కంపెనీలని ఉదాహరణగా పెట్టుకుని ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ముందుగా ఒక జాగ్రత్త. మన దగ్గర కొత్తగా ఇచ్చే ఇంటర్నెట్ కనెక్షన్లలో ఎక్కువ భాగం ఫైబరే. ఏపీ ఫైబర్‌నెట్ నడిచేది జీపాన్ అనే ఫైబర్ పద్ధతి మీద. అందుకే "కేబుల్ ఇంటర్నెట్ ఇంకా ఎవరు వాడుతున్నారు" అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అమెరికాలో కామ్‌కాస్ట్, చార్టర్ రెండూ కోట్ల ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చేది టీవీ కోసం ఎప్పుడో వేసిన కొయాక్సియల్ కేబుల్ మీదే. ఆ తీగ మీద డేటా ఎలా పంపాలో చెప్పే ప్రమాణమే డాక్సిస్. కొలరాడోలోని కేబుల్‌ల్యాబ్స్ దాన్ని తయారు చేస్తుంది. మొదటిది 1997లో వచ్చింది. 3.0 2006లో, 3.1 2013లో, 4.0 2020లో వెలువడ్డాయి.

మొదటి పని: మీ కంపెనీ ఏ పెట్టె అమ్ముతుందో తేల్చుకోండి

"నెట్‌వర్కింగ్ కంపెనీ" అనేసి ఊరుకుంటే లాభం లేదు. ఆపరేటర్ భవనం నుంచి ఇంటి దాకా వరుసగా చూడండి. భవనంలో సీఎంటీఎస్ ఉంటుంది. ఇది ఇళ్లలోని మోడెమ్‌లన్నిటితో మాట్లాడే కేంద్ర పరికరం, ఒకప్పుడు పెద్ద పెట్టె (ఛాసిస్), ఇప్పుడు మామూలు సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్, అంటే వీసీఎంటీఎస్. అక్కడి నుంచి డేటా ఫైబర్ మీద వీధిలోని నోడ్ అనే పెట్టెకి వెళ్తుంది. కొత్త పద్ధతిలో ఆ నోడ్‌లోనే, ఫైబర్ మీద వచ్చిన డేటాని కొయాక్స్ సిగ్నల్‌గా మార్చే రిమోట్ ఫై పరికరం, ఆర్‌పీడీ అంటారు, కూర్చుంటుంది. నోడ్ తరవాత కొయాక్స్ మీద సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫైయర్లు, దాన్ని ఇళ్లకి విడదీసే ట్యాప్‌లు, చివరికి ఇంట్లో మోడెమ్. ఇవన్నీ నడిచేది చిప్‌ల మీద. ఆ చిప్‌లు ప్రధానంగా బ్రాడ్‌కామ్, మ్యాక్స్‌లీనియర్‌ల నుంచి వస్తాయి.

ఒకే స్టాండర్డ్ ఈ వరుసలో ఒక్కో చోట ఒక్కో రకంగా తగులుతుంది. మోడెమ్ తయారీదారుకి సంఖ్య పెద్దది, మార్జిన్ పల్చన. పైగా 4.0 పాత మోడెమ్‌లతో కలిసి పనిచేస్తుంది కాబట్టి ఇళ్లలోని పెట్టెలన్నీ ఒక్కసారిగా మారవు. వీసీఎంటీఎస్ అమ్మేవాడికి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ రూపంలో మంచి మార్జిన్ ఉంటుంది, కానీ కస్టమర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. యాంప్లిఫైయర్లు అమ్మేవాడికి వీధుల్లో పని జరిగినంత కాలమే ఆర్డర్లు. కంపెనీ వార్షిక నివేదిక 10-కేలో సెగ్మెంట్ల నోట్ తెరిచి, ఈ వరుసలో దేని నుంచి ఎంత శాతం ఆదాయం వస్తోందో కాగితం మీద రాసుకోండి. కేబుల్ వాటా సగం కూడా లేకపోతే ఈ వాదనంతా మీ షేరుకి పక్క విషయమే.

రెండో పని: కొత్త స్టాండర్డ్ నిజంగా అవసరమా అని స్పెక్ట్రమ్‌తో తేల్చండి

ఈ మెట్టుని చాలామంది దాటేస్తారు. కానీ కొనుగోలు ఎప్పుడు జరుగుతుందో తేలేది ఇక్కడే.

కొయాక్స్ మీద ఫ్రీక్వెన్సీలని రెండుగా పంచుతారు. కింది భాగం ఇంటి నుంచి బయటికి, అంటే అప్‌లోడ్. పై భాగం డౌన్‌లోడ్. అమెరికాలో పాత పంపకంలో అప్‌లోడ్‌కి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మాత్రమే దక్కేది. డౌన్‌లోడ్ గిగాబిట్ వచ్చినా అప్‌లోడ్ కొన్ని పదుల మెగాబిట్ల దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే. మిడ్-స్ప్లిట్‌లో అప్‌లోడ్ 85 దాకా, హై-స్ప్లిట్‌లో 204 దాకా పెరుగుతుంది. ఈ రెండింటికీ డాక్సిస్ 3.1 చాలు.

హై-స్ప్లిట్‌లో డౌన్‌లోడ్ 258 దగ్గర మొదలై 1218 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అంటే 960 మెగాహెర్ట్జ్. 3.1లో డేటా మోసే ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీని ఓఎఫ్‌డీఎం ఛానెల్ అంటారు, దాని గరిష్ఠ వెడల్పు 192. 960ని 192తో భాగిస్తే సరిగ్గా 5. 4096-క్వామ్ అనే దట్టమైన సంకేత పద్ధతిలో ఒక్కో ఛానెల్ సుమారు 1.8 గిగాబిట్లు మోస్తుంది. పాత మోడెమ్‌లకీ టీవీకీ కొంత చోటు వదిలినా 7, 8 గిగాబిట్లు కాగితం మీద కనిపిస్తాయి. మామూలు 3.1 మోడెమ్ రెండే ఓఎఫ్‌డీఎం ఛానెళ్లు అందుకుంటుంది. నాలుగైదు అందుకునే మోడెమ్‌లని 3.1 ప్లస్ అంటున్నారు. అంటే వీధిలో 1.8 గిగాహెర్ట్జ్ దాకా పనిచేసే 4.0 పరికరాలు పెట్టకుండానే ఆపరేటర్ వేగాన్ని బాగా పెంచగలడు. 4.0ని వాయిదా వేయడానికి ఆపరేటర్ చేతిలో ఉన్న బలమైన కారణం ఇదే. 4.0 వల్లే కంపెనీ పెరుగుతుందనే వాదన ఎదురైతే మొదట అడగాల్సిన ప్రశ్న, "3.1 ప్లస్‌తో సరిపెట్టుకుంటే మీ లెక్క ఏమవుతుంది?"

4.0 అసలు బలం అప్‌లోడ్‌లో ఉంది. 6 గిగాబిట్ల దాకా దాని సామర్థ్యం. దానికి రెండు దారులున్నాయి. ఎఫ్‌డీఎక్స్‌లో 108 నుంచి 684 మెగాహెర్ట్జ్ మధ్య ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు వైపులా ఒకేసారి పంపుతారు. ఒకవైపు పంపే సిగ్నల్ రెండో వైపు దాన్ని ముంచేయకుండా ఎకో క్యాన్సిలేషన్ కావాలి, మధ్యలో ఉన్న యాంప్లిఫైయర్లకి కూడా. కామ్‌కాస్ట్ ఈ దారి పట్టింది. రెండోది ఈఎస్‌డీ, పై హద్దుని 1794 మెగాహెర్ట్జ్‌కి, అంటే దాదాపు 1.8 గిగాహెర్ట్జ్‌కి పెంచడం. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ కొయాక్స్‌లో నష్టం పెరుగుతుంది కాబట్టి యాంప్లిఫైయర్లు, ట్యాప్‌లు మార్చాలి. చార్టర్ ఈ దారి ఎంచుకుంది. రెండు పెద్ద కస్టమర్లు రెండు దారులు పట్టడంతో చిప్‌లూ పరికరాలూ రెండు రకాలుగా చీలాయి. రెండింటినీ మోసే ఉమ్మడి చిప్‌ల కోసం ఎదురుచూపు మొదలైంది. ఎదురుచూపు అంటే పరికరాల కంపెనీకి ఆర్డర్ లేని క్వార్టర్ అని అర్థం. మీ కంపెనీ ఉత్పత్తి ఏ దారికి సరిపోతుందో, రెండింటికీ సరిపోతుందో నివేదికలో వెతకండి.

మూడో పని: తేదీల మధ్య దూరం కొలవండి

స్పెసిఫికేషన్ వెలువడిన రోజుకీ ఆదాయం వచ్చే రోజుకీ మధ్య చిప్, నమూనా, సర్టిఫికేషన్, ఆపరేటర్ ల్యాబ్, ఫీల్డ్ ట్రయల్ అని వరుసగా గేట్లు ఉంటాయి. 3.1 స్పెసిఫికేషన్ 2013 అక్టోబరులో వస్తే, మొదటి మోడెమ్‌లకి కేబుల్‌ల్యాబ్స్ సర్టిఫికేషన్ దక్కింది 2016 జనవరిలో. 4.0 స్పెసిఫికేషన్ 2020లో వస్తే, కామ్‌కాస్ట్ కస్టమర్లకి ఇవ్వడం మొదలుపెట్టింది 2023 అక్టోబరులో, అదీ కొలరాడో స్ప్రింగ్స్, అట్లాంటా, ఫిలడెల్ఫియాల్లో కొన్ని ప్రాంతాలకే. రెండు నుంచి మూడున్నరేళ్లు పోయాక కూడా అది ఆరంభమే. స్పెసిఫికేషన్ చూసి మరుసటి ఏడాది అమ్మకాలు పెంచి రాసే అంచనాలు ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకి సరిపోతాయి.

ప్రమాణం ఖరారు కాకముందు ఇంకో చిక్కుంది: కొనేవాళ్లు ఆగిపోతారు. 56కే డయలప్ రోజుల్లో యూఎస్ రోబోటిక్స్ వాళ్ల ఎక్స్‌2 మోడెమ్‌లు, రాక్‌వెల్ - లూసెంట్‌ల కే56ఫ్లెక్స్ మోడెమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. 1998లో వి.90 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చేదాకా ఏది నిలుస్తుందో ఎవరికీ తెలియదు. 1997లో యూఎస్ రోబోటిక్స్‌ని కొన్న 3కామ్, ఆ ఏడాది చివరికే పంపిణీదారుల దగ్గర పేరుకున్న సరుకుని తగ్గించుకునే పనిలో పడింది.

నాలుగో పని: ఆపరేటర్ ప్లాన్‌ని ముక్కలు చేయండి

పరికరాల కంపెనీ ప్రెజెంటేషన్ పక్కన పెట్టి, డబ్బిచ్చేవాడి ప్రెజెంటేషన్ తెరవండి. చార్టర్ 2022 డిసెంబరులో ప్రకటించిన ప్లాన్ ఇందుకు మంచి పాఠం. మొత్తం సుమారు 550 కోట్ల డాలర్లు, ఒక్కో ఇంటి ముంగిటికి 100 డాలర్లు. కేబుల్ ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే చాలు, కనెక్షన్ ఉన్నా లేకపోయినా లెక్కలోకి వస్తుంది. అంటే దాదాపు 5.5 కోట్ల ఇళ్లు.

ఆ ప్లాన్‌లో మూడు భాగాలున్నాయి. 15 శాతం నెట్‌వర్క్‌కి పాత సీఎంటీఎస్ ఉంచుకునే హై-స్ప్లిట్. 50 శాతానికి హై-స్ప్లిట్‌తో పాటు ఆర్‌పీడీలు, వీసీఎంటీఎస్. మిగిలిన 35 శాతానికే 1.8 గిగాహెర్ట్జ్, అసలైన డాక్సిస్ 4.0. వార్తల శీర్షికల్లో అంతా "4.0 అప్‌గ్రేడ్" అనే కనిపించింది. లెక్కేస్తే, ఆర్‌పీడీ, వీసీఎంటీఎస్ అమ్మేవాడికి 85 శాతం నెట్‌వర్క్‌లో పని ఉంది, ఆ 85లో 50కి 4.0తో సంబంధమే లేదు. 1.8 గిగాహెర్ట్జ్ యాంప్లిఫైయర్లు అమ్మేవాడికి 35 శాతమే, అదీ చివరి దశలో. ఒకే ప్లాన్, రెండు షేర్లకి రెండు వేరు కథలు.

గడువు సంగతీ చూడండి. 2025 చివరికి పూర్తవుతుందన్నది తరవాత 2026కి, ఆపైన 2027కి జరిగింది. ఆపరేటర్‌కి ఇది కొంచెం సర్దుబాటు. పరికరాల కంపెనీకి వార్షిక ఆదాయం మూడోవంతు దాకా కోసుకుపోవచ్చు. కింది లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఐదో పని: అంకెలు వేయండి

ఇవి పద్ధతి చూపడానికి ఊహించిన అంకెలు, ఏ కంపెనీవీ కావు. ఒక ఆపరేటర్‌కి 2 కోట్ల ఇళ్లు. నోడ్‌కి 400 ఇళ్లు అనుకుంటే 50,000 నోడ్‌లు. ఆర్‌పీడీ ఒక్కటి 3,000 డాలర్లయితే 15 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఇంటికి 8 డాలర్లయితే 16 కోట్లు. మీ కంపెనీకి 60 శాతం వాటా దక్కితే హార్డ్‌వేర్ 9 కోట్లు, సాఫ్ట్‌వేర్ 9.6 కోట్లు, కలిపి 18.6 కోట్ల డాలర్లు. నాలుగేళ్లలో పూర్తయితే ఏడాదికి 4.65 కోట్లు. ఆరేళ్లకి సాగితే 3.1 కోట్లు. ఒక్క కాంట్రాక్టూ పోలేదు, ఒక్క ధరా తగ్గలేదు, అయినా వార్షిక ఆదాయం మూడోవంతు పోయింది.

ఇప్పుడు స్థూల లాభం. హార్డ్‌వేర్‌ మీద 35 శాతం, సాఫ్ట్‌వేర్‌ మీద 75 శాతం అనుకుంటే 3.15, 7.2, మొత్తం 10.35 కోట్లు. కాంట్రాక్ట్ ప్రకటించిన రోజు షేరు ఎగిరి కంపెనీ మార్కెట్ విలువ 60 కోట్ల డాలర్లు పెరిగిందనుకోండి. అది ఈ ఆపరేటర్ నుంచి ఎప్పటికైనా వచ్చే స్థూల లాభానికి దాదాపు ఆరు రెట్లు, ఖర్చులూ పన్నులూ తీయకముందే. అంటే మార్కెట్ అప్పుడే ఇంకో అయిదుగురు ఆపరేటర్లని లెక్కేసుకుంది. వాళ్లెవరో పేర్లతో చెప్పగలిగితేనే ఆ ధరకి కొనాలి.

ఆదాయం ఏటా సమానంగా కూడా రాదు. మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 25, మూడో ఏడాది 40, నాలుగో ఏడాది 25 అని పంచి చూడండి. మూడో ఏడాది 7.44 కోట్లు వస్తుంది, సగటు 4.65 కోట్లే. ఆ మూడో ఏడాది లాభం మీద పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూస్తే షేరు చవగ్గా కనిపిస్తుంది. నెట్‌వర్క్ పరికరాల షేర్లలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఆ చవక చూసి కొనే. పీఈని సగటు ఏడాది మీద లెక్కేయండి, శిఖరం మీద కాదు.

ఆరో పని: ప్రతి క్వార్టర్‌లో చూడాల్సినవి

అమెరికా నిబంధనల ప్రకారం, ఆదాయంలో 10 శాతం, అంతకు మించి ఇచ్చే ప్రతి కస్టమర్ సంగతీ కంపెనీ వెల్లడించాలి. ఆ నోట్‌లో ఇద్దరు కస్టమర్లే సగానికి పైగా ఉంటే, మీరు కొంటున్నది పరికరాల కంపెనీ షేరే అయినా అది ఆడేది ఆ ఇద్దరి కాపెక్స్, అంటే నెట్‌వర్క్ మీద వాళ్లు పెట్టే పెట్టుబడి ఖర్చు మీదే. వాళ్ల త్రైమాసిక ఫలితాలు కూడా చదవాలి.

ఇన్వెంటరీ రోజులు లెక్కేయండి: ఇన్వెంటరీని ఆ క్వార్టర్ అమ్మకాల ఖర్చుతో భాగించి 91తో గుణించాలి. ఇన్వెంటరీ 8 కోట్లు, ఖర్చు 9 కోట్లయితే 81 రోజులు. వరసగా రెండు క్వార్టర్లు ఇది పెరిగి 110, 120 దాటితే కారణం కావాలి. "రాబోయే ఆర్డర్ల కోసం సిద్ధం చేస్తున్నాం" అనే సమాధానం నిజమైతే, మిగిలిన పనుల బాధ్యతల నోట్, అంటే ఆర్‌పీఓ (ఒప్పందం కుదిరినా ఇంకా అందించాల్సిన పని విలువ) కూడా పెరగాలి. సరుకు పెరిగి ఆర్‌పీఓ కదలకపోతే ఆర్డర్ జారిపోయిందని అనుకోండి. ఇదే పద్ధతిలో రావాల్సిన బాకీలని ఆదాయంతో భాగించి వసూలు రోజులు చూడండి. క్వార్టర్ చివరి వారంలో సరుకు తోసేసి ఉంటే అక్కడ బయటపడుతుంది.

గైడెన్స్‌కి, అంటే రాబోయే కాలం మీద కంపెనీ ఇచ్చే అంచనాకి ఉన్న శక్తిని తక్కువ అంచనా వేయకండి. 2024 మూడో క్వార్టర్‌లో హార్మోనిక్ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 50 శాతానికి పైగా పెరిగి దాదాపు 19.6 కోట్ల డాలర్లయింది. అయినా ఫలితాల మర్నాడు షేరు గట్టిగా పడింది. 2025లో బ్రాడ్‌బ్యాండ్ వ్యాపారం మీద పెట్టుకున్న ఆశలు తగ్గడమే కారణం. ఫలితాల మీద కంపెనీ పెట్టే కాల్‌లో "టైమింగ్", "కస్టమర్ రెడీనెస్", "ఇన్వెంటరీ డైజెషన్" అన్న మాటలు వినబడితే మీ షీట్‌లో పూర్తయ్యే కాలానికి ఒక ఏడాది కలిపి అంకెలు మళ్లీ వేయండి.

వాదనలో తరచూ వినబడేవి, వాటిని పరీక్షించే తీరు

"స్టాండర్డ్‌లో వీళ్ల టెక్నాలజీయే ఉంది." ఈ మాటకి జవాబు టెరాయాన్ అనే కేబుల్ పరికరాల కంపెనీ చరిత్ర. ఎస్-సీడీఎంఏ అనే అప్‌లోడ్ పద్ధతి ఆ కంపెనీది. 2001 చివర్లో వచ్చిన డాక్సిస్ 2.0లో అది చేరింది కూడా. కానీ దాని పక్కనే ఎ-టీడీఎంఏ అనే పోటీ పద్ధతీ చేరింది. పైగా డాక్సిస్ పేటెంట్ల పూల్ రాయల్టీ లేనిది, కాబట్టి స్టాండర్డ్‌లో చోటు దక్కడం వల్ల నేరుగా పైసా రాదు. 2004లో టెరాయాన్ సీఎంటీఎస్ వ్యాపారం నుంచి తప్పుకుంది, 2007లో మోటరోలా దాన్ని సుమారు 14 కోట్ల డాలర్లకి కొనేసింది. సెల్‌ఫోన్ మోడెమ్‌లలో క్వాల్‌కామ్‌కి రాయల్టీ రావడం చూసి కేబుల్‌కి అదే సూత్రం అన్వయించకండి.

"కస్టమరే వారంట్లు తీసుకున్నాడు, అంత నమ్మకం." 2016లో హార్మోనిక్ కామ్‌కాస్ట్‌కి దాదాపు 78 లక్షల షేర్లకి వారంట్లు (ముందే ఖరారైన ధరకి షేర్లు కొనుక్కునే హక్కు) ఇచ్చింది. అది నమ్మకానికి గుర్తే. కానీ అది కస్టమర్‌కి ఇచ్చిన రాయితీ కూడా. అకౌంటింగ్‌లో దాని విలువ ఆదాయంలో నుంచి తగ్గుతుంది, షేర్ల సంఖ్యా పెరుగుతుంది. పెద్ద లైసెన్స్ ఒప్పందం, నాలుగేళ్లకి 17.5 కోట్ల డాలర్లది, వచ్చింది 2019లో. ఆ మూడేళ్లూ ఓపిక పట్టగలవాళ్లకే ఆ వారంట్ల వార్త పనికొచ్చింది.

"మార్కెట్ పెరుగుతోంది కాబట్టి అందరూ బాగుపడతారు." కేసా సిస్టమ్స్ ఇదే రంగంలో ఉంది, 2017 డిసెంబరులో లిస్టయింది. 2024 ఏప్రిల్‌లో చాప్టర్ 11 దివాలా దాఖలు చేసింది. దాని కేబుల్ వ్యాపారాన్ని కామ్‌స్కోప్ 4.51 కోట్ల డాలర్లకి తీసుకుంది. అప్పుల గడువు దగ్గరపడే సమయానికి ఆర్డర్లు వాయిదా పడితే మంచి సాంకేతికత కూడా కాపాడలేదు. అందుకే బ్యాలెన్స్ షీట్‌లో రెండేళ్లలోపు తీర్చాల్సిన అప్పుని చేతిలో ఉన్న నగదు పక్కన పెట్టి చూడటం తప్పనిసరి.

"కేబుల్ ఎలాగూ చచ్చిపోతోంది." పెరుగుదల మీద నమ్మకం లేని జట్టు మాట ఇది, దీన్నీ అంతే గట్టిగా పరీక్షించాలి. టీ-మొబైల్, వెరైజన్ ఫిక్స్‌డ్ వైర్‌లెస్ (తీగ లేకుండా ఇంటికి వచ్చే ఇంటర్నెట్) వల్ల కేబుల్ కంపెనీలు చందాదారులని కోల్పోతున్నది నిజం. అయితే చందాదారులు తగ్గినప్పుడు ఆపరేటర్ అప్‌గ్రేడ్ ఆపుతాడా, వేగం పెంచుతాడా? రెండూ జరుగుతాయి. పోటీ ఉన్న ఊళ్లలో ముందు చేస్తాడు, లేనిచోట వాయిదా వేస్తాడు. కాబట్టి మొత్తం ఇళ్ల సంఖ్య కాకుండా, పోటీ ఉన్న ఇళ్ల సంఖ్యని మీ షీట్‌లో వేరే వరుసగా పెట్టండి. 2025 మేలో ప్రకటించిన చార్టర్ - కాక్స్ విలీనం లాంటివి వచ్చినప్పుడు, చిన్న భాగస్వామి ఆర్డర్లు విలీనం తేలేదాకా ఆగే ప్రమాదం ఉందని గుర్తుంచుకుని ఆ ఆదాయాన్ని తగ్గించి రాయండి.

కొనే రోజే అమ్మే కారణాలు కూడా అదే షీట్‌లో రాసుకోవాలి. ప్రధాన కస్టమర్ గడువు రెండోసారి జరపడం, రెండో సరఫరాదారుని తీసుకోవడం, ఇన్వెంటరీ పెరిగి ఆర్‌పీఓ తగ్గడం, ఫైనాన్స్ అధిపతి హఠాత్తుగా తప్పుకోవడం. వీటిలో ఏ రెండు కలిసినా సగం అమ్మేయడం మా సలహా. ఒకే కస్టమర్ మీద ఆధారపడిన కంపెనీకి మొత్తం పెట్టుబడిలో 3 శాతం మించి పెట్టకండి. రాత్రికి రాత్రి మూడోవంతు పడిపోయినా మీ ఖాతాకి తగిలేది 1 శాతమే.

ఇండియా నుంచి కొనేవాళ్లకి

విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్‌లో అది మీ పన్నుకి సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. ఈ షేర్లు 24 నెలలు దాటితేనే దీర్ఘకాలిక లాభం, 12.5 శాతం పన్ను. అంతకు ముందు అమ్మితే మీ స్లాబ్ రేటు పడుతుంది. పైన చెప్పిన అమ్మే కారణాలు పన్ను ఆదా కోసం ఆగవు, ఆగకూడదు కూడా. అమెరికా కంపెనీల్లో పనిచేసి ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఉద్యోగులకి ఇచ్చే షేర్లు) అందుకుని తిరిగొచ్చి ఇక్కడ పన్ను లెక్కల్లో ఆర్డినరిలీ రెసిడెంట్ అయినవాళ్లు కూడా రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అందులో చూపాల్సింది మన ఆర్థిక సంవత్సరం కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరం. ఫిబ్రవరిలో కొన్న షేరు వచ్చే ఏడాది రిటర్న్‌లో కనిపించాలని మర్చిపోయి, మార్చి 31 స్టేట్‌మెంట్ చూసి నింపేవాళ్లకే నోటీసులు వచ్చే ప్రమాదం ఎక్కువ. బ్రోకర్ దగ్గర డిసెంబరు 31 స్టేట్‌మెంట్‌ని జనవరిలోనే దింపుకుని పెట్టుకోండి.